జీడిపప్పు పొట్టుతో గేటు, గ్రిల్ తుప్పుకు మందు

ఒడిశా తీరంలో గోపాలపూర్, ఛత్రపురం వైపు సముద్రపు గాలి తగిలే ఇళ్లలో కిటికీ గ్రిల్‌కి ఏటా రంగు వేసినా ఏడాది తిరక్కుండానే తుప్పు పొంగుతుంది. రంగు నాసిరకమని దుకాణదారుణ్ని తిట్టుకుంటాం గానీ, చాలాసార్లు తప్పు రంగుది కాదు. రంగు కింద మిగిలిపోయిన తుప్పుది, ఆ తుప్పులో నక్కిన ఉప్పుది. ఇనుము మెరిసేదాకా గీకి శుభ్రం చేయడం షెడ్డులో, మెషీన్లతో అయితే కుదురుతుంది. గోడలో పాతేసిన గ్రిల్‌కి, మడతలున్న షట్టర్‌కి కుదరదు. అలాంటి చోట గట్టిగా అంటుకుని ఉన్న తుప్పునే పనికొచ్చే పొరగా మార్చుకోవచ్చు. దానికి కావాల్సిన ముడిసరుకు జీడిపప్పు మీది ఎర్ర పొట్టు.

పలాస, కాశీబుగ్గల్లోనూ, సరిహద్దుకు ఇవతల గంజాం, గజపతి జిల్లాల్లోనూ జీడిపిక్కలు కొట్టే చోట పప్పు ఒలిచాక ఈ పొట్టు బస్తాల్లో మిగులుతుంది. దీని బరువులో ఐదో వంతు దాకా టానిన్ అనే వగరు పదార్థం ఉంటుంది. తుప్పులోని ఇనుముతో టానిన్ కలిస్తే ఫెర్రిక్ టానేట్ అనే నల్లటి, నీళ్లలో కరగని పదార్థం అవుతుంది. కలంకారీలో కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఇనుప నీళ్లు పడగానే వచ్చే నలుపు కూడా ఇదే. కరక్కాయ నలుపు నీలం వైపు ఉంటుంది, జీడిపొట్టు నలుపు కాస్త ఆకుపచ్చ వైపు. రంగు తేడా చూసి కంగారు పడక్కర్లేదు.

ఒక్క మాట ముందే. ఇది రంగు కాదు, రంగుకు ముందు వేసే పూత. దీని మీద ప్రైమర్, ఎనామిల్ వేయకుండా వదిలేస్తే ఒక్క వానాకాలం కూడా నిలవదు.

కషాయం కాచడం

కిలో ఎండు పొట్టు, ఐదు లీటర్ల నీళ్లు, పెద్ద స్టీలు గిన్నె లేదా మట్టికుండ. ఇనుప బాణలి వద్దు. పొట్టులోని టానిన్ బాణలితోనే కలిసిపోయి కషాయం సిరాలా నల్లబడుతుంది, గ్రిల్‌కి మిగిలేది తక్కువ. ఇనుము ఎక్కువున్న బోరు నీళ్లతోనూ ఇదే ఇబ్బంది. గిన్నెలో పోసి రాత్రంతా ఉంచితే అడుగున ఎర్రమట్టి దిగే నీళ్లయితే పక్కన పెట్టి వాననీళ్లో ఆర్‌ఓ నీళ్లో తీసుకోండి.

రాత్రి నానబెట్టి, పొద్దున సన్నని మంట మీద 70 నుంచి 80 డిగ్రీల వేడిలో గంటసేపు ఉంచండి. ఆవిరి లేవాలి, కుతకుత ఉడకకూడదు. గుడ్డలో వడకట్టి, అదే పొట్టుకు మూడు లీటర్ల నీళ్లు పోసి మరో ముప్పావు గంట కాచి మళ్లీ వడకట్టండి. రెండూ కలిపి, అదే మెల్లటి వేడి మీద రెండు లీటర్లకు దిగేదాకా ఇగరబెట్టండి. చిక్కటి టీ డికాక్షన్ రంగు రావాలి (రుచి చూడకండి, జీడిపెంకు నూనె అంటి ఉండొచ్చు). తొందరగా దిగాలని వంటసోడా వేసేవాళ్లున్నారు. సోడా వేస్తే రంగు బాగా దిగుతుంది, కానీ టానిన్ గాలికి పాడైపోయి ఇనుమును పట్టుకునే గుణం తగ్గుతుంది.

చల్లారాక రాత్రంతా కదపకుండా ఉంచితే పైన జిడ్డు తెట్టు కట్టొచ్చు. అది పెంకు నుంచి పొట్టుకు అంటిన జీడినూనె. తీసేయండి. అది ఉంటే పూత గ్రిల్ మీద చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. పొట్టు పట్టుకునేటప్పుడూ, వడకట్టేటప్పుడూ రబ్బరు గ్లోవ్స్ తప్పనిసరి. జీడినూనె తగిలితే చర్మం పొక్కుతుందని ఈ ప్రాంతంలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు.

పొట్టు దొరకనివాళ్లు అర కిలో కరక్కాయ పెచ్చుల పొడి వాడొచ్చు, గింజ తీసేయాలి. కొరాపుట్, రాయగడ సంతల్లో కరక్కాయ దొరుకుతుంది, ఒడియాలో హరిడా అని అడగండి. చింతపిక్కల మీది గోధుమరంగు తొక్క కూడా పనిచేస్తుంది, కానీ పప్పు నుంచి విడదీయడం పెద్ద పని.

యాసిడ్, స్పిరిట్

వట్టి కషాయం కూడా తుప్పును నల్లబరుస్తుంది గానీ నెమ్మదిగా, పైపైన. కొంచెం పుల్లదనం ఉంటే తుప్పు కాస్త కరిగి టానిన్‌కు లోపలి దాకా అందుతుంది. లీటరు కషాయానికి 85 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్ రెండు మిల్లీలీటర్లతో మొదలుపెట్టి, పులుపు ఎంతుందో చూపే పిహెచ్ కాగితంతో చూస్తూ పిహెచ్ 2 నుంచి 2.5 మధ్యకు తేవాలి. సాధారణంగా ఐదు మిల్లీలీటర్లు దాటదు. యాసిడ్‌నే కషాయంలో పోయాలి, కళ్లద్దాలు పెట్టుకోవాలి. ఎక్కువ పోస్తే ఎండాక బూడిదరంగు చారలు తేలతాయి, వాటి మీద రంగు పట్టదు.

ఫాస్ఫారిక్ బదులు నిమ్మరసం పిండుదామనిపిస్తుంది. పిండొద్దు. నిమ్మలోని సిట్రిక్ యాసిడ్ ఇనుమును తానే పట్టుకుంటుంది, టానిన్‌కు వదలదు. బాత్రూం కడిగే హైడ్రోక్లోరిక్ యాసిడ్ అసలే వద్దు. అందులోని క్లోరైడ్ సముద్రం చేసే పనే చేస్తుంది.

చివరగా లీటరుకు 100 నుంచి 150 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్ (స్పిరిట్) కలిపితే కషాయం తుప్పు సందుల్లోకి పాకుతుంది. శానిటైజర్ జెల్‌లో గ్లిజరిన్, జిగురు ఉంటాయి కాబట్టి అది పనికిరాదు. బూజు పట్టకముందే, వారం పది రోజుల్లో వాడేయండి.

గ్రిల్‌ను సిద్ధం చేయడం

పని నిలవాలంటే ఈ దశలోనే. కషాయం ఎంత బాగా కాచినా, ఉప్పున్న తుప్పు మీద పూస్తే నలుపు కింద తుప్పు పని తుప్పు చేసుకుంటూ పోతుంది.

వైరు బ్రష్‌తో గీకి, పెచ్చులుగా లేచే తుప్పునంతా రాల్చేయండి. పాత రంగు గట్టిగా ఉన్నచోట వదిలేసి, అంచుల్ని 80 నంబరు ఎమిరీ కాగితంతో చదును చేయండి. గోరుతో గీకితే రాలని పలుచటి తుప్పు ఉండనివ్వండి. అది ఉండాలి కూడా, ఎందుకంటే టానిన్ కలిసేది దానితోనే. పూర్తిగా మెరిసే ఇనుము మీద, కొత్త కడ్డీల మీది నీలిరంగు పెంకు మీద ఈ కషాయం వల్ల ఒరిగేది పెద్దగా ఏమీ లేదు. జీఐ రేకుల మీద, జింక్ పూసిన పైపుల మీద అస్సలు పూయొద్దు, యాసిడ్ ఆ జింక్‌నే తినేస్తుంది.

తర్వాత డిటర్జెంట్‌తో జిడ్డు పోగొట్టి, మంచినీళ్లతో కడగండి. ఉప్పు పోయిందో లేదో చూడటానికి నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే చవకైన టీడీఎస్ మీటరు చాలు. ఆర్‌ఓ నీళ్లు అర లీటరు గ్రిల్ మీద పోసి, కిందికి కారినవి శుభ్రమైన పళ్లెంలో పట్టండి. పోయకముందు 40 చూపిన మీటరు పోశాక 300 చూపిస్తే ఉప్పు ఇంకా ఉన్నట్టే. రెండు అంకెలూ దగ్గరపడేదాకా కడుగుతూనే ఉండండి. తీరంలో నాలుగైదుసార్లు కడగాల్సి రావచ్చు, పర్లాకిమిడి లాంటి లోపలి ఊళ్లలో రెండుసార్లతో సరిపోతుంది.

తుపాను తర్వాత అయితే మరీ జాగ్రత్త. ఫైలిన్ 2013 అక్టోబరులో గోపాలపూర్ దగ్గర, తిత్లీ 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటాయి. అలాంటి గాలి ఉప్పునీటిని చాలా లోపలికి కొట్టేస్తుంది. ఈ పనికి డిసెంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం, పొద్దున మంచు ఆరాక మొదలుపెట్టాలి.

పూయడం

వాడేంత కషాయాన్ని ప్లాస్టిక్ మగ్గులో పోసుకోండి. బ్రష్‌ను సీసాలో ముంచితే తుప్పు లోపలికి పోయి మిగతాదంతా నల్లబడుతుంది. గట్టి నైలాన్ బ్రష్‌తో రుద్దుతున్నట్టు, పలుచగా పూయండి. లీటరుకు ఒక కోటు పది చదరపు మీటర్ల దాకా వస్తుంది.

మొదట ఏమీ జరగనట్టే ఉంటుంది. తడిసిన తుప్పు ఎర్రగానే మెరుస్తుంది. పది నిమిషాలకు అంచుల్లో ఊదా మచ్చలు తేలి, ఒకదానిలో ఒకటి కలిసిపోతూ, ఆరేకొద్దీ ముదిరి నలుపుకు వస్తాయి. పూర్తి నలుపు రావడానికి ఒక రోజు పడుతుంది, దానికి గాలి తగలాలి. అందుకే పూసిన గ్రిల్ మీద టార్పాలిన్ కప్పకూడదు. మరుసటి రోజు రెండో కోటు, ఇంకా గోధుమరంగు కనబడిన చోట మాత్రమే మూడోది.

ఆఖరి కోటు ఆరాక తడి గుడ్డతో ఒకసారి తుడిచి, ఆరనిచ్చి, పొడి తెల్లగుడ్డతో రుద్ది చూడండి. గుడ్డకు కొంచెం నలుపు అంటడం మామూలే. పొడి పొడిగా రాలితే తుప్పు మందంగా వదిలేశారని గానీ, పూత చిక్కగా వేశారని గానీ అర్థం. అక్కడ గీకి మళ్లీ పూయాలి. ఒకటి రెండు రోజులకే ఎర్ర చుక్కలు నలుపును చీల్చుకుని వస్తే అది ఉప్పే, మళ్లీ కడగడం తప్ప మార్గం లేదు.

48 గంటల్లోపు ఆయిల్ ప్రైమర్, ఆపైన రెండు కోట్లు ఎనామిల్. ఈ నలుపుకు క్షారం పడదు, సున్నం గానీ సిమెంటు పెయింటు గానీ తగిలితే విరిగిపోతుంది. స్లాబులో వేసే తుప్పు కడ్డీలకు ఇది పూయకూడదు. కాంక్రీటులోని క్షారమే కడ్డీని కాపాడుతుంది, టానిన్ చేరితే సిమెంటు గట్టిపడటం ఆలస్యమవుతుంది. పెంకు నుంచి తీసిన జీడినూనెను పైపూతగా వాడదామనీ చూడకండి. చెక్క పడవలకు అది బాగానే ఉంటుంది, ఇనుము మీద వట్టిగా పూస్తే వారాల తరబడి జిగటగా ఉండి దుమ్ము పట్టేస్తుంది. ఆరడం కోసం ఇంట్లో కాచితే ఆ పొగ కళ్లకు, ఒంటికి మంచిది కాదు.

నమ్మకం లేకపోతే ఒక తుప్పు రేకును మూడు ముక్కలు చేయండి. ఒకదానికి కషాయం, రంగు రెండూ, ఇంకోదానికి గీకి రంగు మాత్రమే, మూడోదానికి కషాయం మాత్రమే. బ్లేడుతో ప్రతిదాని మీదా ఇంటూ గుర్తులా ఇనుము దాకా గీత పెట్టి, లీటరుకు 35 గ్రాముల ఉప్పు కలిపిన నీళ్లు పూటకోసారి చిమ్మండి. మూడోది ముందు తుప్పెక్కుతుంది. మిగతా రెండింటిలో గీత పక్కన రంగు ఎంత మేర పొంగిందో మూడు వారాలయ్యాక స్కేలుతో కొలవండి.

యాసిడ్ తొట్టి ఉన్న వర్క్‌షాపులకు

హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో ముంచి తుప్పు తీసేవాళ్లకు ఇదే కషాయం వేరే రకంగా అక్కరకొస్తుంది. ఫాస్ఫారిక్, స్పిరిట్ కలపనిది లీటరు పలుచన యాసిడ్‌కు 50 మిల్లీలీటర్లు చొప్పున పోస్తే, టానిన్ శుభ్రపడిన ఇనుము మీద అంటుకుని యాసిడ్ దాన్ని కూడా తినడాన్ని తగ్గిస్తుంది. ఎంత తగ్గిందో తూకం వేసి చూసుకోండి. ఒకే కొలత రేకు ముక్కలు రెండు, కషాయం ఉన్న తొట్టిలో ఒకటి, లేనిదానిలో ఒకటి, రెండు గంటలు. వట్టి యాసిడ్‌లోది 0.80 గ్రాములు, కషాయం ఉన్నదానిలోది 0.20 గ్రాములు తగ్గితే 75 శాతం కాపాడినట్టు. తొట్టి వేడెక్కితే ఈ పట్టు సడలుతుంది, ఎండాకాలం నీడన పెట్టండి. తొట్టిలోంచి తీసిన ఇనుము మీద తుప్పు ఉండదు గనక మళ్లీ కషాయం పూత అక్కర్లేదు, బాగా కడిగి ఆరబెట్టి అదే రోజు ప్రైమర్ వేయాలి. వాడేసిన యాసిడ్‌ను కాలవలో పోయకుండా, పిహెచ్ కాగితం 7 చూపేదాకా తడిసున్నం కొద్దికొద్దిగా కలిపి, అడుగున దిగిన మడ్డిని వేరుగా తీయండి.