తోటి అభ్యర్థితో జవాబు దిద్దించుకోవడం ఎలా?

హైదరాబాద్ చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం పరిసరాల్లో గ్రూప్-1 మెయిన్స్‌కు చదివేవారు జవాబు పత్రాలు మార్చుకుంటారు. చాయ్ చల్లారేలోగా రెండు పేజీలు తిరగేసి, "బాగుందన్నా" అని తిరిగి ఇచ్చేస్తారు. చాయ్ డబ్బులు తప్ప అక్కడ చేతులు మారింది ఏమీ ఉండదు. తెలివి లేక కాదు, మొహమాటం వల్ల. ఆ మొహమాటాన్ని దాటించాల్సింది దిద్దేవారు కాదు, దిద్దించుకునేవారే.

ముందుగా మనిషిని ఎంచుకోండి. మీకంటే బాగా రాసేవారే కావాలని వెతకనక్కరలేదు. ఇంజనీరింగ్ చదివి వచ్చిన మిత్రుడు మీ చరిత్ర జవాబుకు మంచి పాఠకుడు. మీకు తెలిసిపోయిందని మీరు వదిలేసిన చోటే అతను ఆగిపోతాడు. ఇద్దరు చాలు. ఆరుగురైతే అది పంచాయితీ అవుతుంది.

గడియారం పెట్టుకొని రాసిన జవాబునే ఇవ్వండి. మెయిన్స్‌లో ఒక్కో పేపరుకు 150 మార్కులు, 3 గంటల సమయం. అంటే మార్కుకు 72 సెకన్లు. ఇంట్లో తీరికగా చెక్కిన జవాబులో మీ అసలు లోపాలు కనిపించవు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది, మీరు అడిగే ప్రశ్న. "ఎలా ఉంది?" అని అడిగితే "బాగుంది" తప్ప మర్యాదైన జవాబు లేదు. దానికి బదులు ప్రశ్నను దాచిపెట్టి జవాబు ఒక్కటే ఇవ్వండి. "ఇది చదివి, ప్రశ్న ఏమై ఉంటుందో చెప్పు" అనండి. ఇందులో మొహమాటానికి చోటే లేదు.

ఉదాహరణకు ప్రశ్న "1908 మూసీ వరద తరువాత హైదరాబాద్‌లో వచ్చిన మార్పులను వివరించండి" అనుకుందాం. మిత్రుడు మీ జవాబు చదివి, "మూసీ వరద బీభత్సాన్ని వర్ణించమన్నారా?" అంటాడు. చూసుకుంటే మొదటి పేజీ అంతా సెప్టెంబరు 28 నాటి విషాదమే. ఇంజనీరు విశ్వేశ్వరయ్యను రప్పించడం, 1912లో నగరాభివృద్ధి మండలి, 1920లో పూర్తయిన ఉస్మాన్ సాగర్, 1927 నాటి హిమాయత్ సాగర్ అన్నీ చివరి ఎనిమిది వరుసల్లో ఇరుక్కున్నాయి. చరిత్ర తెలియక పోయే మార్కులు కావు ఇవి!

అతను చెబుతున్నప్పుడు మాట్లాడకండి, రాసుకోండి. "నా ఉద్దేశం ఏమిటంటే..." అని నోటి దాకా వస్తుంది. మింగేయండి. అసలు పరీక్షలో దిద్దేవారి పక్కన కూర్చొని ఉద్దేశాలు వివరించే అవకాశం ఎవరికీ ఇవ్వరు.

తరువాత రాసుకున్నదాన్ని రెండుగా విడదీయండి: అతను ఎక్కడ తడబడ్డాడు, దానికి ఏం చేయమన్నాడు. తడబాటును దాదాపు ఎప్పుడూ నమ్మాలి. సలహాను మాత్రం తూచి తీసుకోవాలి. మూసీ జవాబుకు అతను "ఒక పటం గీయి" అని ఉండవచ్చు. పటం గీస్తే ఉన్న కాస్త సమయమూ పోతుంది. కావలసింది మొదటి పేజీని మూడు వాక్యాలకు కుదించి, జలాశయాలను పైకి తేవడం. నొప్పి ఉన్న చోటు అతను చూపించాడు, మందు మీరే చూసుకోవాలి. ఇద్దరు విడివిడిగా ఒకే చోట ఆగితే ఇక వాదన అనవసరం.

నాలుగైదు రోజుల్లో అదే జవాబును మళ్లీ గడియారం పెట్టుకొని రాసి, ఈసారి వేరొకరికి ఇవ్వండి. పాతవారికే ఇస్తే తన మాట విన్నారా లేదా అన్నదే చూస్తారు.

మీ వంతు వచ్చినప్పుడు మీరూ అలాగే దిద్దండి. "ఉపోద్ఘాతం సరిగా లేదు" అనకుండా, "మూడో వాక్యం దగ్గర ఆగి మళ్లీ చదివాను" అనండి. ఇతరుల ఉపోద్ఘాతాల్లో మీరు ఆవులించిన చోట్లు గుర్తుపెట్టుకుంటే, ఆ రాత్రి మీ నోటుబుక్కులోనూ అవే కనిపిస్తాయి. చాయ్ ఖర్చు మాత్రం దిద్దించుకున్నవారిదే.