గని గుట్టలకు కప్పు – 4వ పాఠం: గాలికి నీటితో అడ్డుకట్ట

గనిలోంచి తవ్వి పోసిన రాతిగుట్టల్లో పైరైట్ రాయి (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం), గాలి, నీరు కలిస్తే గంధకామ్లం ఎలా పుడుతుందో మూడో పాఠంలో చూశాం. "ఆ ఆమ్లం రాకుండా గుట్టను దేనితో కప్పాలి?" అని ఆ పాఠం చివర అడిగిన ప్రశ్నకు ఎక్కువమంది రాసిన జవాబు ఒక్కటే: "గుట్ట మీద నల్లరేగడి మట్టి పరిచి రోలర్‌తో తొక్కిస్తే నీరు దిగదు, ఆమ్లం రాదు." ఈ జవాబు వానాకాలంలో నిజం. ఏప్రిల్‌లో పరకాల వైపు ఏ పత్తి చేనులోకైనా వెళ్లి చూడండి. పిడికిలి దూరేంత నెర్రెలు ఉంటాయి. అదే మట్టి గుట్ట మీద ఉంటే ఆ నెర్రెల గుండా ఎండాకాలమంతా గాలి లోపలికి పోతుంది. తొలకరి వాన కూడా అదే దారిన దిగి, అప్పటికి తయారైన ఆమ్లాన్ని కడిగి వాగులో కలుపుతుంది.

ఆస్ట్రేలియా ఉత్తర ప్రాంతంలోని రమ్ జంగిల్ యురేనియం గనిలో ఇదే జరిగింది. అక్కడా మనలాగే కొన్ని నెలలు కుండపోత, కొన్ని నెలలు చుక్క ఉండదు. 1980లలో రాతిగుట్టల మీద బంకమట్టితో కప్పు వేశారు. మొదట్లో బాగానే పనిచేసింది. కప్పు మొత్తం మందం మీటరు కూడా లేకపోవడంతో ఎండకు పగుళ్లు, చెట్ల వేర్లు, చెదల దారులు దాన్ని దెబ్బతీశాయి.

మన గోదావరి లోయ బొగ్గులో గంధకం తక్కువ. మేఘాలయలోని జైంతియా కొండల బొగ్గు గనుల్లో కనిపించే ఆమ్లం తీవ్రత భూపాలపల్లి, రామగుండం మట్టిగుట్టల దగ్గర లేదు. అయినా కప్పు లెక్క మన వానలతోనే నేర్చుకోవాలని నా పట్టుదల. వేరే దేశపు వాతావరణానికి గీసిన బొమ్మను ఇక్కడ అతికించడం వల్లనే తప్పులు వస్తాయి.

ఇక అసలు విషయం. ఆక్సిజన్ గాలిలో కదిలే వేగంతో పోలిస్తే నీటిలో సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా కదులుతుంది. కాబట్టి తడి మట్టే గాలికి మూసిన తలుపు. మట్టి రేణువుల మధ్య ఖాళీలో కనీసం 85 శాతం నీటితో నిండి ఉంటే, మిగిలిన గాలి బుడగలు ఒకదానికొకటి అందవు, దారి తెగిపోతుంది. ఎండాకాలంలోనూ ఆ పొరను తడిగా ఉంచడం ఎలా అన్నదే ఈ పాఠం.

దీన్ని చేతులతో చేసి చూడాలి. రెండు లీటర్ల నీళ్ల సీసాలు రెండు తీసుకుని పైభాగం కోసేయండి, అడుగున రంధ్రాలు పెట్టండి. మొదటిదాంట్లో కింద బెత్తెడు కంకర, దాని మీద పలుచని గుడ్డ, ఆపైన పిండి జల్లెడలో జల్లించిన సన్న ఇసుక దాదాపు అంచుదాకా పోయండి. రెండోదాంట్లో అంతా సన్న ఇసుకే. రెండింటిలోనూ చెంచాతో కొద్దికొద్దిగా నీళ్లు పోస్తూ ఉండండి. రెండో సీసాలో తడి గీత ఆగకుండా అడుగుకు పోతుంది. మొదటిదాంట్లో గుడ్డ దగ్గరికి వచ్చి నిలబడిపోతుంది. ఇంకా పోస్తే ఇసుక రంగు ముదురుతుంది, సరిహద్దుకు పైన నాలుగు వేళ్ల మేర తళతళలాడుతుంది, కంకర మాత్రం పొడిగానే ఉంటుంది. ఇసుక దాదాపు నిండాకే మొదటి చుక్క కిందికి జారుతుంది. హనుమకొండలో మా మేడ మీద ఈ చుక్క కోసం పిల్లలతో కలిసి కాచుకుని కూర్చోవడం నాకు ఇప్పటికీ ఇష్టమైన పని.

కారణం కేశనాళిక చర్య. సన్న రంధ్రాలు నీటిని గట్టిగా పట్టుకుంటాయి, కంకరలోని పెద్ద ఖాళీలకు దాన్ని లాగే శక్తి లేదు. పూలకుండీ అడుగున గులకరాళ్లు వేస్తే నీరు త్వరగా పోతుందనుకుంటాం. నిజానికి ఆ రాళ్ల పైన మట్టి మరింత తడిగా ఉంటుంది. కప్పులో కావలసింది సరిగ్గా ఆ తడే. సన్న పొరకు పైన కూడా ముతక పొర వేస్తారు. కిందిది నీటిని దిగనీయదు, పైది ఎండకు ఎగరనీయదు. అన్నిటికన్నా పైన గడ్డి మొలిచే మట్టి.

వాన నీరు కిందికి పోకుండా దాచిపెట్టాల్సిన ఆ పై మట్టి మందం ఎంత? ఒక ఉదాహరణ. జులైలో 250 మి.మీ. వాన అనుకుందాం. గడ్డి, ఎండ కలిసి రోజుకు 4 మి.మీ. తీసుకుంటే 31 రోజులకు 124. పక్కకు జారిపోయేది 15 శాతం, అంటే సుమారు 37. మట్టిలో మిగిలేది 89 మి.మీ. మీటరు మట్టి 150 మి.మీ. నీరు దాచగలిగితే 0.6 మీటరు చాలు. చాలామంది ఇక్కడే కలం కింద పెడతారు. ఆగస్టులోనూ అంతే వాన పడితే? జులై నీరు ఇంకా లోపలే ఉంది. మొత్తం 178 మి.మీ., మందం 1.2 మీటర్లు. వరసగా తడి నెలలు ఉన్నచోట నెలవారీ లెక్క పనికిరాదు, నిల్వను కలుపుకుంటూ పోవాలి.

అభ్యాసం: సెప్టెంబరులో 150 మి.మీ. వాన చేర్చి మందం మళ్లీ కట్టండి. తర్వాత మీటరుకు 80 మి.మీ. మాత్రమే దాచే ఇసుక చల్క నేలకు అదే లెక్క చేయండి. ఐదో పాఠంలో ఇదే కప్పును గుట్ట వాలు మీదికి తీసుకెళ్దాం. సీసాను కాస్త వంచి పెట్టి, నీరు ఏ వైపు చేరుతుందో ఈలోగా గమనించి ఉంచండి.