విడివిడిగా పేర్చుకునే కొండలు

బల్ల మీద చిన్న సైనికుల బొమ్మలతో ఆడే యుద్ధాల ఆటకి కొండని ఒకే ముక్కగా చేస్తే దాచడానికి చోటు చాలదు, పైగా ప్రతి ఆటలోనూ అదే కొండ. అందుకే కొండని పొరలుగా కోసి, అతికించకుండా ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నాను.

25 మి.మీ. మందం ఎక్స్‌పీఎస్ ఫోమ్ (గట్టిగా, తేలికగా ఉండే ప్లాస్టిక్ నురుగు) షీట్‌లో ముందు పెద్ద ముక్క వంకరటింకరగా కోయండి. దాన్నే ఇంకో షీట్ మీద పెట్టి చుట్టూ గీసుకుని, ఆ గీతకి 4 సెం.మీ. లోపలగా రెండోది కోయాలి. మూడోదీ అంతే. 25 మి.మీ. బేస్ (అడుగు బిళ్ల) ఉన్న బొమ్మ అలా మిగిలిన మెట్టు మీద హాయిగా నిలబడుతుంది. అంచు ఏటవాలుగా ఉంటే అందమే గానీ బొమ్మలు జారతాయి, నేను దాదాపు నిటారుగానే కోస్తాను. బ్లేడు కొత్తదై ఉండాలి, మొద్దుదైతే అంచు పీచులా చిరుగుతుంది.

తెల్ల జిగురు, నల్ల ఆక్రిలిక్ రంగు సమంగా కలిపి రెండు పూతలు వేయండి. ఇసుక మాత్రం మెట్ల మీదే చల్లాలి. పై పొర కూర్చునే చోట నాలుగు రేణువులు పడ్డా కొండంతా ఊగుతుంది (నాది ఊగింది!).

స్ప్రే పెయింట్‌తో జాగ్రత్త. పూత అందని చిన్న చిల్లు దొరికినా లోపలి ఫోమ్‌ని కరిగించేస్తుంది.