నలభై ఐదు దాటాక కూడా కోడింగ్‌లోనే

ఈ వయసులో ఇంటర్వ్యూకి వెళ్తే "ఇంకా కోడింగేనా సార్?" అంటారు. మేనేజర్ పని నాకు నచ్చదు, కోడ్ అంటేనే ప్రాణం. అందుకే ఎవరూ ముట్టుకోని పని అడిగి తీసుకున్నాను: జావా ప్రోగ్రామింగ్ భాష పాత వెర్షన్ జావా 8 మీద నడిచే అప్లికేషన్‌ని 2022లో వచ్చిన స్ప్రింగ్ బూట్ 3కి (జావా అప్లికేషన్లు కట్టడానికి వాడే ఫ్రేమ్‌వర్క్) మార్చడం. దానికి కనీసం జావా 17 కావాలి.

అసలు తలనొప్పి ఇంపోర్ట్‌లతోనే, అంటే వేరే చోట ఉన్న కోడ్‌ని పేరు చెప్పి తెచ్చుకునే లైన్లతోనే. డేటాబేస్ పనికి వాడే జావాఎక్స్.పర్సిస్టెన్స్ అనే పేరు కాస్తా జకార్తా.పర్సిస్టెన్స్ అవ్వాలి. జావాఎక్స్.ఎస్‌క్యూఎల్ మాత్రం జేడీకేలోది (జావా డెవలపర్ల మూల కిట్), దాన్ని కదపకూడదు. గుడ్డిగా ఫైండ్-రీప్లేస్ కొడితే బిల్డ్ (కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చే పని) ఆగిపోతుంది. ముందు పాత లాజిక్‌కి టెస్టులు రాసి, ఒక్కో మాడ్యూల్ మార్చుకుంటూ వెళ్లాను. పాత కోడ్‌లో ఏ రూల్ ఎందుకు పెట్టారో గుర్తున్నవాళ్లకే ఇది సాగుతుంది. ఇక్కడ వయసు నిజంగా బలమే.

ఇప్పుడు జావా 21 వర్చువల్ థ్రెడ్స్ (ఒకేసారి ఎన్నో పనులు తేలిగ్గా నడిపే పద్ధతి) మీద డౌట్లొస్తే మా టీమ్ పిల్లలు నా దగ్గరికే వస్తున్నారు. కుబర్నెటిస్ (అప్లికేషన్లని చాలా సర్వర్ల మీద నడిపే టూల్) నేను వాళ్ల దగ్గర నేర్చుకుంటున్నాను.