పెట్రోలు ఖర్చును లెక్కకు తెచ్చుకోవడం ఎలా

హైదరాబాదులో లీటరు పెట్రోలు 2021 జూన్‌లో వంద రూపాయలు దాటింది. అప్పటి నుంచి ధర గురించి మాట్లాడుకోని ఇల్లు లేదు గానీ, నెలకు ఎన్ని లీటర్లు వాడుతున్నారని అడిగితే జవాబు చెప్పగలిగినవారు అరుదు. బంకులో "రెండు వందలకు కొట్టండి" అనే అలవాటే ఇందుకు కారణమని నా అభిప్రాయం. మనమిచ్చే డబ్బు మారదు కాబట్టి, ట్యాంకులో పడే పెట్రోలు తగ్గుతున్న సంగతి మన దృష్టికి రాదు.

కాబట్టి ముందుగా మైలేజీ తెలుసుకోవాలి. ట్యాంకు నిండా కొట్టించి, మీటరు రీడింగు రాసుకోండి. మూడు నాలుగు వందల కిలోమీటర్లు తిరిగిన తరువాత అదే బంకులో మళ్లీ అదే మట్టానికి నింపించి, తిరిగిన దూరాన్ని రెండోసారి పట్టిన లీటర్లతో భాగించండి. నా బైకు అరవై ఇస్తుందని ఏళ్ల తరబడి నమ్మాను. ఎల్బీనగర్, పంజాగుట్ట సిగ్నళ్ల మధ్య తిరిగి లెక్కిస్తే 45 తేలింది. లీటరు 107 రూపాయలనుకుంటే కిలోమీటరుకు సుమారు 2 రూపాయల 40 పైసలు. అదే లీటరుకు 14 కిలోమీటర్లు ఇచ్చే కారైతే 7 రూపాయల 60 పైసలు దాటుతుంది.

ఈ అంకె చేతిలో ఉంటే ఏ ప్రయాణాన్ని మార్చుకోవాలో స్పష్టమవుతుంది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి అమీర్‌పేటలో మారి హైటెక్ సిటీకి మెట్రోలో వెళ్లవచ్చు. 2025 మేలో సవరించి, ఆ నెలలోనే పది శాతం తగ్గించిన ధరల ప్రకారం గరిష్ఠ టికెట్టే 69 రూపాయలు కనుక, రానుపోను 138కి మించదు. దాదాపు 50 కిలోమీటర్ల ఈ దూరానికి కారులో పెట్రోలే 380 రూపాయలవుతుంది. బైకుకైతే 120 చాలు. అంటే ఒంటరిగా కారులో వెళ్లేవారికి మెట్రో వల్ల మిగులుతుంది, బైకువారికి డబ్బు రీత్యా అంతగా మిగలదు. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం కాబట్టి, ఇంట్లో ఎవరి ప్రయాణం దేనిలో అన్నది కూర్చుని మాట్లాడుకోవాలి.

బండి విషయంలో చేయవలసినవి కొన్నే: టైర్లలో గాలిని ఉదయం బండి తీయకముందే, చల్లగా ఉన్నప్పుడు చూసుకోవడం, ఎయిర్ ఫిల్టరు శుభ్రంగా ఉంచడం, పెద్ద సిగ్నళ్ల దగ్గర ఇంజన్ ఆపడం. కూరగాయలకు ఒకసారి, మందులకు మరోసారి బండి తీయడం మానండి. చల్లబడిన ఇంజన్‌తో చేసే చిన్న ప్రయాణాలకే పెట్రోలు ఎక్కువ తాగుతుంది.

అన్నిటికంటే పెద్ద ఖర్చు ఇంటి ఎంపికలో దాగి ఉంటుంది. పెట్రోలు చవకగా ఉన్న రోజుల్లో ఊరి అంచున ఇల్లు తీసుకుని రోజూ నగరం దాటి పనికి వెళ్లడం మనకు భారమనిపించలేదు. ఇప్పుడు అద్దె ఇల్లు చూసేటప్పుడే లెక్క వేయండి. రోజుకు 60 కిలోమీటర్లు, నెలకు 24 రోజులు కారులో తిరిగితే 1440 కిలోమీటర్లు, అంటే సుమారు 11,000 రూపాయల పెట్రోలు. దూరపు ఇంటి అద్దెకు ఈ మొత్తాన్ని కలిపి, ఆఫీసుకు దగ్గరలోనో మెట్రో స్టేషను పక్కనో దొరికే ఇంటి అద్దెతో పోల్చి చూసి, ఆ తరువాతే అడ్వాన్సు ఇవ్వండి.