విశాఖ గాలిలో చెక్క తెరచాప ఓడ: పట్టీలు విచ్చుకోకుండా కట్టే పద్ధతి

విశాఖలో చెక్క ఓడ నమూనా కట్టాలనుకుంటే ముందు తేమ సంగతి చూసుకోండి. ఏడాదిలో చాలా నెలలు ఇక్కడ గాలిలో తేమ 70 శాతం పైనే ఉంటుంది. వానాకాలంలో వరండాలో కూర్చుని ఓడ పొట్టకు సన్నని చెక్క పట్టీలు అతికించి, పూర్తయ్యాక తీసుకెళ్ళి ఏసీ హాల్లో పెడితే పట్టీల మధ్య సందులు తెరుచుకుంటాయి. 5 మి.మీ. పట్టీ తేమకు 0.1 మి.మీ. ఉబ్బిందనుకుందాం. ఒక పక్కన 20 పట్టీలుంటే అది 2 మి.మీ. తేడా. ఆరాక ఆ 2 మి.మీ. ఎక్కడో ఒకచోట బయటపడక తప్పదు. అందుకని ఓడ చివరికి ఏ గదిలో ఉంటుందో చెక్కని రెండు మూడు వారాల ముందే ఆ గదిలో పెట్టండి, వీలైతే పని కూడా అక్కడే చేయండి. తేమ కొలిచే చిన్న మీటరు ఒకటి కొనుక్కోండి. 50–60 శాతం మధ్య ఉన్న రోజున అతికించిన పట్టీ మాట వింటుంది.

ఏ ఓడ కట్టాలన్నది తర్వాతి ప్రశ్న. 1804 సెప్టెంబర్ 15న ఈ రేవు ముందే ఫ్రెంచి మరెంగోతో, దాని వెంట వచ్చిన రెండు ఫ్రిగేట్లతో (చిన్న యుద్ధనౌకలతో) తలపడిన బ్రిటిష్ యుద్ధనౌక సెంచూరియన్ మీదికి విశాఖ వాళ్ళ మనసు పోవడం సహజం. కానీ అది 50 ఫిరంగుల, మూడు స్తంభాల ఓడ. మొదటి పనికి వద్దు. ఒకటో రెండో స్తంభాల కట్టర్, స్కూనర్, బ్రిగ్ లాంటివి ఎంచుకోండి. కొలత 1:64 బాగుంటుంది: అసలు ఓడ 30 మీటర్లయితే పొట్ట 47 సెం.మీ. వస్తుంది. 1:96 చిన్నదిగా ముద్దుగా కనిపిస్తుంది కానీ తాళ్ళ దగ్గరికొచ్చేసరికి వేళ్ళు దూరవు.

చెక్క విషయంలో చాలామంది టేకుతో మొదలుపెడతారు, సామిల్లులో సులువుగా దొరుకుతుంది కాబట్టి. చిన్న ఓడకు టేకు నప్పదు. దాని రంధ్రాలు పెద్దవి. 1:64లో ఒక్కో రంధ్రం అసలు ఓడ మీద బీటంత కనిపిస్తుంది. పైగా నూనె ఉంటుంది, జిగురు పట్టాలంటే అతికించే ముందు అసిటోన్‌తో తుడవాలి. పొట్టకు పట్టీలు రెండు పొరలుగా వేస్తాం: నమూనా కిట్లలో వచ్చే లైమ్‌వుడ్ లోపలి పొరకు, వాల్‌నట్ పై పొరకు సరిపోతాయి. ఇక్కడ దొరికేవాటిలో మేలైనది అంకుడు కర్ర. ఏటికొప్పాక బొమ్మలకు వాడేది ఇదే. సన్నని పోగు, లేత రంగు, పెద్ద రంధ్రాలు ఉండవు. పొడుగు పట్టీలకు తిన్నని ముక్కలు దొరకడం కష్టం గానీ ఫిరంగి గొట్టాలకు, లంగరు తాడు చుట్టే క్యాప్‌స్టన్‌కు, కప్పీలకు, పీపాలకు దీన్ని మించింది లేదు. లేతు మీద తీయించుకునేటప్పుడు లక్క వేయకుండా ఉత్త కర్రగానే ఇమ్మని ముందే చెప్పండి. లక్క మీద జిగురూ పట్టదు, రంగూ నిలవదు.

అస్థిపంజరం 5 మి.మీ. ప్లైతో చేయండి: మధ్యలో నిలువు పలక, దానికి అడ్డంగా ఓడ పొట్ట ఆకారంలో కోసిన పలకలు, అంటే బల్క్‌హెడ్లు. నిలువు పలకను అద్దం మీద పెట్టి చూడండి. ఒక మూల 1 మి.మీ. లేచినా ఆ ప్లై పక్కన పెట్టేయడమే మంచిది, తర్వాత ఎంత బిగించినా ఓడ మెలి తిరిగే ఉంటుంది. ప్రతి బల్క్‌హెడ్‌ను మూలమట్టంతో 90 డిగ్రీలకు సరిచూసి అతికించండి. ముందు అణియం దగ్గర, వెనక అమరం దగ్గర బల్క్‌హెడ్ల మధ్య ఖాళీలను ప్యాకింగ్ పెట్టెల పైన్ చెక్కతో నింపి ఆకురాయితో వంపు తీయండి. ఇది చేయకపోతే అణియం దగ్గర పట్టీ వంపు తిరగకుండా బల్క్‌హెడ్ నుంచి బల్క్‌హెడ్‌కు చదునుగా పోతుంది.

అమరం దగ్గర ఒక లెక్క ఉంది, కిట్ కాగితాల్లో చాలాసార్లు దీన్ని సరిగా చెప్పరు. చుక్కాని వేలాడే కొయ్య 5 మి.మీ. మందం. నిలువు పలకా 5 మి.మీ. దానికి రెండు పక్కలా 1.5 మి.మీ. లోపలి పొర, 0.6 మి.మీ. పై పొర కలిస్తే 9 మి.మీ. దాటిపోతుంది. కాబట్టి పలక వెనక అంచును ముందే 2 మి.మీ.కు చెక్కేయండి. లోపలి పొర వేశాక దాని చివరను 0.9 మి.మీ.కు రుద్దండి. ఇప్పుడు 2, రెండు 0.9లు, రెండు 0.6లు కలిపితే సరిగ్గా 5.

బల్క్‌హెడ్ల అంచులను ఏటవాలుగా రుద్దడానికి 80 నంబరు ఉప్పుకాగితాన్ని పొడవాటి చెక్కకు అంటించుకోండి. సన్నని పట్టీని అణియం నుంచి అమరం దాకా వంచి పెడితే ప్రతి బల్క్‌హెడ్‌నూ పూర్తి వెడల్పులో తాకాలి. ఒక అంచు మీదే ఆనుతుంటే ఇంకా రుద్దాలి. ఈ పనికి పూర్తిగా రెండు రోజులు పోయినా దండగ కాదు.

ఇక పట్టీలు. మొదటిసారి కట్టేవాళ్ళు అందరూ చేసే పని ఏమిటంటే పట్టీ ఎటు పోతే అటు పోనిచ్చి, ముందుకొన దగ్గర బలవంతంగా కిందికి నొక్కడం. పట్టీ అంచు లేచి పక్కదానిపైకి ఎక్కుతుంది. వెడల్పు ముందే కొలిచి సన్నం చేసుకుంటే ఈ బాధ ఉండదు. కాగితపు చీలికను నడిమి బల్క్‌హెడ్ మీద డెక్ (ఓడ పైతట్టు) అంచు నుంచి కీల్ (అడుగున ఉండే వెన్నుకర్ర) దాకా చుట్టి గుర్తు పెట్టండి. 100 మి.మీ. వచ్చిందనుకుందాం, 5 మి.మీ. పట్టీలు 20 వరుసలు. అదే కొలత మొదటి బల్క్‌హెడ్ దగ్గర 64 మి.మీ. వస్తే, 64ను 20తో భాగిస్తే ఒక్కో పట్టీ అక్కడ 3.2 మి.మీ. ఉండాలి. అన్ని బల్క్‌హెడ్ల దగ్గరా ఇలాగే కొలిచి పట్టీ మీద చుక్కలు పెట్టి, చుక్కలు కలిపి, చిన్న చిత్రికతో ఒక్క అంచునే తీయండి. సగం వెడల్పు కంటే, అంటే 2.5 మి.మీ. కంటే సన్నం చేయకండి. అంతకు దిగుతోందంటే అక్కడ రెండు వరుసలను ఒకే పట్టీలోకి కలిపేయాలి. అమరం దగ్గర దీనికి వ్యతిరేకం: 110 మి.మీ. వస్తే 20 పట్టీలు చాలవు. మిగిలిన 10 మి.మీ.కు ముందుకొన మొనదేలిన రెండు పట్టీ ముక్కలు మధ్యలో దూర్చాలి. ఇది లోపం కాదు, అసలు ఓడల్లోనూ ఇంతే. నమ్మకం కుదరకపోతే ఫిషింగ్ హార్బర్‌లో మరమ్మతుకు ఒడ్డెక్కించిన చెక్క పడవ ఏదైనా కనిపిస్తే దాని అణియం దగ్గర నిలబడి పలకల వెడల్పు చూడండి.

20 వరుసలనూ ఒక్కసారిగా నమ్ముకోవద్దు. దారాలు అతికించి ఐదేసి వరుసల నాలుగు పట్టాలుగా విడదీసుకోండి. ఒక్కో పట్టాలో వచ్చిన తప్పు ఆ పట్టాలోనే సర్దుకుంటుంది. మొదటి పట్టీ డెక్ అంచు కింద మొదలవుతుంది. తర్వాత కీల్‌ను ఆనుకునే పట్టీ. దీని ముందుకొన అణియం పైకి పాకకూడదు. పాకితే పైన వచ్చే వరుసలన్నీ ఇరుకవుతాయి. ఎడమ పక్కన ఒకటి వేస్తే కుడి పక్కన ఒకటి. ఒకే పక్క ఐదారు వేసేస్తే ఆరుతున్న పట్టీలు లాగి కీల్ వంగుతుంది.

వంచడానికి లోపలి పొర పట్టీని వేడినీళ్ళలో 15–20 నిమిషాలు నానబెట్టి, ఓడ మీదే క్లిప్పులతో పట్టి ఉంచండి. తడిగా ఉండగా మాత్రం అతికించకండి: ఉబ్బిన పట్టీ ఆరి కుంచించుకుంటే సందు ఖాయం. ఎండాకాలం కొన్ని గంటల్లో ఆరేది, వానాకాలం రాత్రంతా ఉంచినా చాలదు. తెల్ల ఫెవికాల్ పలుచగా, బల్క్‌హెడ్ అంచుకూ పట్టీ పక్క అంచుకూ రాయండి. ఫెవిక్విక్ లాంటిది చుక్కలుగా మాత్రమే. తేమ గాలిలో అది చుట్టూ తెల్లని పొగచూరు వదులుతుంది, వాల్‌నట్ మీద అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇనప గుండుసూదులు వాడకండి. తడి జిగురు, ఉప్పుగాలి కలిసి తుప్పు పట్టిస్తాయి, టేకు, వాల్‌నట్ లాంటి చెక్కల మీద నల్లమచ్చ దిగుతుంది. ఆ మచ్చ రుద్దితే పోదు. ఇత్తడి మేకులు సగం దాకా కొట్టి, జిగురు ఆరాక పీకేయండి.

లోపలి పొర 80, 120, 180 నంబర్లతో రుద్ది, గుంటలు నింపి, చేత్తో తడిమి చూడండి. కంటికి తెలియనిది అరచేతికి తెలుస్తుంది. పై పొరలో మాత్రం జిగురు కలిపిన రంపపు పొడితో సందులు పూడ్చకండి, వార్నిష్ పడగానే అక్కడ వేరే రంగు తేలుతుంది.

డెక్ పట్టీలు 4 మి.మీ. వెడల్పు, 100 మి.మీ. పొడవు ముక్కలుగా కోయండి. అసలు ఓడలో అది 6.4 మీటర్లు. సందుల్లో తారు కనిపించాలంటే పట్టీ పక్క అంచుకు 4బి పెన్సిల్ రుద్దండి. స్కెచ్ పెన్ను వార్నిష్ తగలగానే పట్టీలోకి పాకుతుంది. అతుకులు ఒకే గీత మీదికి రాకుండా మొదటి వరుస 100 మి.మీ. ముక్కతో, రెండోది 50తో, మూడోది 25తో, నాలుగోది 75తో మొదలుపెట్టండి. ఐదోది మళ్ళీ 100.

డెక్‌లో కొయ్యమేకులు 0.6 మి.మీ. వెదురు చీలికతో చేసుకోవచ్చు. దీనికి కంసాలి వాడే కమ్మచ్చు, అంటే తీగ సన్నగా లాగే రంధ్రాల పలక కావాలి. తీగ లాగేటప్పుడు పెట్టే వైపు నుంచి కాకుండా, దాని వెనక నుంచి, అంటే రంధ్రం సన్నగా, అంచు పదునుగా ఉన్న ముఖం నుంచి వెదురు దూర్చండి. అప్పుడు అంచు దాన్ని చెక్కుతుంది. మామూలు వైపు నుంచి లాగితే పోగులు నలిగి తెగుతాయి. 1.5 మి.మీ. నుంచి మొదలుపెట్టి ఒక్కో రంధ్రం దిగుతూ 0.6కు రండి.

స్తంభాలకు దుకాణంలో దొరికే గుండ్రని కర్ర వద్దు, పోగు వంకరగా ఉంటే తేమకు వంగుతుంది. తిన్నని పోగున్న చదరపు కర్ర తీసుకుని ముందు ఎనిమిది పలకలు చేయండి. 12 మి.మీ. ముఖం మీద 3.5, 5, 3.5 చొప్పున గీతలు గీసి మూలలు ఆ గీతల దాకా తీస్తే సరిగ్గా ఎనిమిది వస్తాయి. తర్వాత పదహారు, ఆపైన ఉప్పుకాగితం.

తాళ్ళకు పాలియెస్టర్ దారమే వాడండి. నూలు దారం తేమకు బిగుసుకుంటుంది, ఆరితే వదులవుతుంది. విశాఖలో ఒక సంవత్సరంలోనే స్తంభాలు వంకరపోవడానికి అది చాలు. స్తంభాన్ని పట్టి ఉంచే తాళ్ళు ముదురు గోధుమ లేదా నలుపు, తెరచాపలను కదిలించే తాళ్ళు లేత రంగు. స్తంభం ఎక్కడానికి అడ్డంగా కట్టే మెట్ల తాళ్ళు 6 మి.మీ. ఎడంలో వేయండి. వెనకాల గీతలు గీసిన తెల్ల అట్ట పెట్టుకుంటే ప్రతిసారీ కొలవక్కర్లేదు. ముడి బిగించేటప్పుడు పక్క తాళ్ళను లోపలికి లాగకండి, లాగితే మొత్తం వరుస నడుము సన్నబడి కనిపిస్తుంది. తేనెమైనం పేరుకు మాత్రమే పట్టించండి, ఎక్కువైతే ఎండాకాలంలో మెత్తబడి దుమ్మంతా పట్టుకుంటుంది.

ఇత్తడి భాగాలకు బిగించే ముందే లక్కర్ కొట్టండి, ఉప్పుగాలికి నెలల్లోనే చిలుము పడతాయి. అద్దాల పెట్టెను గాలి చొరకుండా బిగించేయకుండా కింద రెండు చిన్న రంధ్రాలు వదిలి సన్నని జాలీ అతికించండి. సముద్రం వైపు కిటికీకీ ఏసీ గాలి నేరుగా తగిలే చోటుకీ దూరంగా, ఎండ పడని గోడ పక్కన పెట్టండి.