కుక్కపిల్ల ఇంట్లో తడపకుండా అలవాటు చేయడం ఎలా?

ఎనిమిది వారాల కుక్కపిల్లకు మూత్రం ఆపుకోవడం చేతకాదు. మెలకువగా ఉన్నప్పుడు గంటకోసారి బయటికి తీసుకెళ్లాల్సిందే. పూర్తిగా ఆపుకునే శక్తి నాలుగు నుంచి ఆరు నెలల మధ్య వస్తుంది. వారంలో నేర్పేశామని చెప్పేవాళ్ల మాట విని టెన్షన్ పడకండి.

సామాన్లు తక్కువే. మెత్తటి బెల్టు, ఆరడుగుల తాడు, కేజ్, ఉడికించిన చికెన్ చిన్న ముక్కలు. కేజ్‌లో అది నిలబడి, ఇటు తిరిగి, కాళ్లు చాపి పడుకోగలిగితే చాలు. మరీ పెద్దదైతే ఒక మూల పడుకుని ఇంకో మూల పోస్తుంది.

నిద్ర లేవగానే, తిన్న పావుగంటలోపు, ఆట ఆగగానే, రాత్రి పడుకునే ముందు తీసుకెళ్లండి. మరీ చిన్న కుక్కపిల్లయితే అర్ధరాత్రి కూడా ఒకసారి. మధ్యలో నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరిగిందంటే చేతిలో పని వదిలేసి లేవండి. తిండి రోజూ ఒకే వేళకు పెట్టాలి. గిన్నె రోజంతా నింపి ఉంచితే ఎప్పుడు బయటికి పోవాలో ఎవరికీ అంతుపట్టదు. పాలు పోయకండి, చాలా కుక్కపిల్లలకు ఆవు పాలు, గేదె పాలు పడక విరేచనాలవుతాయి. నీళ్లు మాత్రం ఎప్పుడూ ఆపొద్దు, మన ఎండాకాలంలో అసలే ఆపొద్దు.

చోటు ఒక్కటే ఉండాలి. టీకాలు పూర్తికాని పిల్లను వీధి కుక్కలు తిరిగే మట్టిలో దింపకండి. వాంతులు, రక్త విరేచనాలతో కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. టీకాల వరుస దాదాపు 16 వారాల వయసు దాకా సాగుతుంది కాబట్టి, అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు అప్పటిదాకా మేడ మీద ఒక మూల గానీ, బాల్కనీలో మట్టి, గడ్డి నింపిన ట్రే గానీ వాడండి. న్యూస్‌పేపర్లు, నేల మీద పరిచే, మూత్రం పీల్చుకునే ప్యాడ్‌లు వద్దే వద్దు. మన ఇళ్లలో ఆదివారం పేపర్ నేల మీద పరుచుకుని చదువుతాం. పేపర్ మీద పోవడం నేర్చుకున్న పిల్లకు అది చదివే పేపరని ఎలా తెలుస్తుంది? గుమ్మం దగ్గర కాళ్లు తుడుచుకునే పట్టా కూడా దానికి ప్యాడ్‌లాగే తగులుతుంది. ముందు ప్యాడ్ నేర్పి, తర్వాత అదే మాన్పించడం రెండింతల పని.

ఇక అందరూ చెడగొట్టేది బయట నిలబడే ఆ ఐదు నిమిషాలు.

తాడు కట్టి, ఎంచుకున్న చోటికి తీసుకెళ్లి నిలబడిపోండి. ఆడించొద్దు, ఫోన్ చూడొద్దు, ఊరికే పిలవొద్దు. మీరు పలకరిస్తే దాని ధ్యాసంతా మీ మీదకే వస్తుంది, వచ్చిన పని మర్చిపోతుంది. లోపలికి రాగానే హాల్లో పోసేస్తుంది. అప్పుడు కావాలనే చేసిందని తిట్టేవాళ్లే ఎక్కువ. అది కావాలని చేయలేదు, బయట దాన్ని కుదురుగా ఉండనివ్వలేదు, అంతే.

పోయడం మొదలుపెట్టగానే మెల్లగా ఒక మాట అనండి, 'ఒంటికి' అన్నా చాలు, రోజూ అదే మాట. మధ్యలో గట్టిగా మెచ్చుకుంటే సగంలో ఆపేసి మీ దగ్గరికి పరిగెత్తుకొస్తుంది, మిగతా సగం ఇంట్లో పడుతుంది. పూర్తయిన మరుక్షణం, అక్కడే, చికెన్ ముక్క ఇవ్వండి. ముక్క జేబులో ఉండాలి, ఫ్రిజ్‌లో కాదు. ఇంట్లోకి వచ్చాక ఇస్తే ఇంట్లోకి రావడానికే బహుమతి అనుకుంటుంది. ఇచ్చాక వెంటనే లోపలికి లాక్కురావద్దు, కాసేపు ఆడుకోనివ్వండి. పోసిన వెంటనే షికారు అయిపోతుందని దానికి అర్థమైతే బయట ఆపుకోవడం నేర్చుకుంటుంది.

ఐదు నిమిషాల్లో పోయలేదా? లోపలికి తెచ్చి వదిలేయకండి. పది నిమిషాలు ఒళ్లో గానీ కేజ్‌లో గానీ ఉంచి మళ్లీ తీసుకెళ్లండి. పోసేదాకా ఇదే వరుస. విసుగొస్తుంది, అయినా ఈ ఒక్కచోట ఓపిక పట్టినవాళ్లకే పని తొందరగా అవుతుంది.

ఇంట్లో పోస్తూ కనిపిస్తే అరవకుండా ఎత్తుకుని బయటికి తీసుకెళ్లండి. పోసి వెళ్లిపోయాక చూస్తే శుభ్రం చేయడమే మీ పని. ముక్కు అందులో రుద్దడం, పేపర్ చుట్టి కొట్టడం ఇప్పటికీ ఎంతోమంది చేస్తున్నారు. ఎప్పుడో జరిగినదానికి ఇప్పుడు పడే దెబ్బకు సంబంధం దానికి తెలియదు. మీరు చూస్తుండగా పోస్తే ప్రమాదం అన్నదొక్కటే తెలుస్తుంది. ఆపైన మంచం కింద దాక్కుని పోస్తుంది, బయట మీ ఎదుట మాత్రం పోయదు. మీరు పైకి వంగినప్పుడో, చుట్టాలొచ్చినప్పుడో రెండు చుక్కలు కార్చే పిల్లలుంటాయి. అది భయం, సంతోషం వల్ల. దానికి తిట్టు అసలు మందు కాదు.

తుడవడానికి ఫినాయిల్ వాడకండి. మనకు ఫినాయిల్ వాసన కొడుతున్నా దానికి కింద మూత్రం వాసన తెలుస్తూనే ఉంటుంది, మళ్లీ అక్కడికే వస్తుంది. పైగా పాదాలకు అంటింది నాకితే హాని. మూత్రం వాసనను మూలంతో సహా పోగొట్టే ఎంజైమ్ క్లీనర్ పెట్ షాపుల్లో దొరుకుతుంది, అది వాడండి.

మొదట్లో పిల్లను ఒక్క గదిలోనే తిరగనివ్వండి. నెల రోజులు ఎక్కడా తడపకపోతే అప్పుడు ఇంకో గది తలుపు తీయండి, ఒక్కో గదే. బాగా అలవాటైన పిల్ల ఉన్నట్టుండి మాటిమాటికీ కొంచెం కొంచెంగా పోస్తుంటే అలవాటు తప్పిందనుకోకండి, మూత్రంలో ఇన్ఫెక్షన్ కావచ్చు. ఆ రోజే పశువైద్యుడికి చూపించండి.